కోళ్ళ జడ్జిగారి తప్పు తీర్పు

ఒతకర్ వోరల్ గారికి మనిషికీ కోడికీ తేడా తెలియదు. కళ్ళు కనబడక కాదు. ఆ తేడా ఉందని ఆయన ఒప్పుకోరు, అంతే. రెండు కాళ్ళమీద నడిచేది ఏది ఎదురైనా తల ఒక పక్కకు వాల్చి, ఒక కన్ను చిట్లించి, ముందు మెడ, తర్వాత రొమ్ము, తర్వాత కాళ్ళు, ఆఖరున రంగు చూసి, వందకు ఇన్ని మార్కులని పైకే చెప్పేస్తారు. అదీ మెల్లగా కాదు. బస్సు ఇంజను మోతను మించి వినపడేలా అరిచి అరిచి తయారైన గొంతు అది.

ఆయన బతుకుతెరువు బస్సు. మొరేవియాలో లిపావ నుంచి స్కాలిన దాకా లోయ పొడుగునా ఉన్న ఊళ్ళను కలుపుతూ పోయే బస్సును రిటైరయ్యేదాకా ఆయనే నడిపారు. ప్రాణం మాత్రం కోళ్ళమీద. ఆకులు రాలే కాలం రాగానే ఊరూరా కోళ్ళ ప్రదర్శనలు మొదలవుతాయి. వాటికి ఆయన జడ్జి. తెల్లకోటు తొడుక్కుని పంజరం పంజరం దగ్గరా ఆగి, ఏ జాతి కోడి ఎలా ఉండాలని సంఘం వాళ్ళు నియమం పెట్టుకున్నారో అలా ఉందో లేదో చూసి మార్కులు వేస్తారు. ఒంటి నిండా ఈకలన్నీ లక్షణంగా ఉండి, రెక్క కింద ఒకే ఒక్క ఈకకు అంచు నలుపు తప్పినా సరే, ఆ కోడి యజమాని ఆ రోజు భోజనం చేయడు.

ఆయన భార్య ఉన్నంతకాలం బల్ల కింద కాలు తొక్కి ఆయన నోరు ఆపుతుండేది. ఆవిడ పోయాక ఆ ఉద్యోగం కూతురు వెందులాకు వచ్చింది. పాపం, ఆ పిల్ల కాలు చిన్నది. తొక్కినా ఆయనకు తెలిసేది కాదు.

ఒకసారి బళ్ళో తల్లిదండ్రులను పిలిచారు. హెడ్‌మిస్ట్రెస్ కళ్ళజోడు సర్దుకుని, "మీ అమ్మాయి లెక్కల్లో వెనకబడింది వోరల్ గారూ" అంది.

"వీపు అద్భుతం మేడమ్" అన్నారాయన.

"ఏమిటీ?"

"మీ వీపండీ. మెడ దగ్గర్నుంచి కిందిదాకా ఒకటే వంపు. కాళ్ళు కాస్త పొట్టి గానీ మీ బరువుకి సరిపోతాయి. తొంభై మూడు."

"తొంభై మూడేమిటండీ?"

"మార్కులు. తొంభై నాలుగు దాటి నేనెవరికీ వెయ్యను. మీరేం బాధపడకండి."

వెందులా డెస్కు కిందికి దూరి, లేని పెన్సిలు కోసం సమావేశం అయ్యేదాకా వెతికింది. మర్నాటి నుంచి బడి మొత్తం ఆమెను 'తొంభై మూడు' అని పిలిచింది.

బస్సులో అయితే అడ్డే లేదు. డ్రైవరు నెత్తిమీది అద్దంలో బస్సు మొత్తం కనపడుతుంది. "జెలింకా గారూ, ఈమధ్య రొమ్ము తగ్గింది, ఒంట్లో బాగాలేదా?" "ఏమ్మా, ఆ కుడి కాలు వేలు వంకరపోయింది, చెప్పులు మార్చు." "ఫాదర్, గొంతు కింద తోలు వేలాడుతోంది, మీ జాతికి అది దోషం కాదులెండి." జనం నవ్వేవారు, తిట్టేవారు, దిగేటప్పుడు మళ్ళీ ఆయనకే చెయ్యూపేవారు. ఆయన తనను తాను కూడా వదిలేవారు కాదు మరి. "నాది వంకర ముక్కు, వాలు భుజాలు. నన్ను పంజరంలో పెడితే జడ్జి ఆగకుండానే వెళ్ళిపోతాడు" అనేవారు. అందరూ నవ్వేసేవారు గానీ, వెనక సీట్లో కూర్చున్న వెందులా మాత్రం స్కార్ఫు ముక్కుదాకా లాక్కుని, ఆ డ్రైవరు ఎవరో తనకు తెలియనట్టు కిటికీలోంచి చూసేది.

పెద్దదయ్యాక స్కాలిన కుర్రాడు రాదిమ్‌ను ప్రేమించింది. పొలాలు కొలిచే సర్వేయరు, నెమ్మదస్తుడు, నల్లటి జుట్టు. అతన్ని ఇంటికి తీసుకొచ్చే ముందు తండ్రికి వెయ్యి జాగ్రత్తలు చెప్పింది. ఆయన అన్నిటికీ తల ఊపారు. కుర్రాడు గుమ్మంలో అడుగుపెట్టాడో లేదో, "ఏదీ బాబూ, అటు తిరుగు. నాలుగడుగులు వెయ్యి. ఆగు. వేళ్ళు చూపించు" అన్నారు.

రాదిమ్ తిరిగాడు, నడిచాడు, ఆగాడు, వేళ్ళు చూపించాడు. వెందులాకు నేల చీలితే బాగుండుననిపించింది.

"మీ ఇంట్లో అందరి జుట్టూ నలుపేనా?"

"అమ్మా నలుపే, నాన్నగారూ నలుపేనండీ. నాన్నగారు పోయారు."

"అయ్యో. అయినా కనపడకపోవటం వేరు, లేకపోవటం వేరు బాబూ. పోయినేడాది నా నల్లపుంజుకీ నల్లపెట్టకీ తెల్లపిల్ల పుట్టింది. ఎక్కణ్ణుంచి? తెలుపు దాగుడు రంగు. తండ్రిలో సగం దాక్కుంటుంది, తల్లిలో సగం దాక్కుంటుంది. ఒక్క సగమే ఉంటే చచ్చినా పైకి రాదు. రెండూ కలిశాయంటే పిల్లలో బయటపడుతుంది. అప్పుడు తెల్లపుంజు ఏదో గోడ దూకొచ్చిందని పెట్టను తప్పుపడితే ఎట్లా?"

"నాన్నా!" అంది వెందులా.

"కోడి గురించేనమ్మా" అన్నారాయన అమాయకంగా.

అయినా పెళ్ళయింది. పెళ్ళివిందులో ఆయన గ్లాసు పట్టుకుని లేచి, నీలి ఆండలూసియన్ కోళ్ళ గురించి మాట్లాడారు. నీలానికి నీలాన్ని జతచేస్తే పిల్లలన్నీ నీలం రావనీ, కొన్ని నల్లగా, కొన్ని మరకలు మరకలుగా పుడతాయనీ, కాబట్టి భార్యాభర్తలు అచ్చం ఒకేలా ఉండటం అంత మంచిది కాదనీ చెప్పి కూర్చున్నారు. కోళ్ళ సంఘం వాళ్ళు చప్పట్లు కొట్టారు. వెందులా అత్తగారు ద్రహొమీరా ఫోర్కు కింద పెట్టేసింది.

ద్రహొమీరా స్కాలిన చర్చిలో పాటల బృందానికి పెద్ద. నిటారైన మనిషి. కాకిరెక్కలాంటి జుట్టును పాపిట తీసి వెనక్కి దువ్వి ముడి వేసి, ఎండ అయినా వాన అయినా ఒక్క వెంట్రుక చెదరనిచ్చేది కాదు. ఆవిడ ముందు నిలబడితే ఎవరికైనా తమ జేబులు చిరిగాయేమోనని అనుమానం వచ్చేది. తండ్రి ఆవిడకు ఎదురుపడినప్పుడల్లా వెందులా మధ్యలోకి వెళ్ళి నిలబడేది.

పెళ్ళయిన కొన్నాళ్ళకు పాప పుట్టింది. అనెష్కా అని పేరు పెట్టుకున్నారు. ఎర్రజుట్టు. ఏదో గోధుమరంగులో కాస్త ఎరుపు కలిసిందనుకునేందుకు లేదు. కొత్తగా తోమిన రాగిచెంబు.

రాదిమ్ నలుపు, వెందులా నలుపు, పిల్ల రాగి. అంతకుముందు వేసవిలో వాళ్ళ ఇంటి పైకప్పుకు పెంకులు మార్చిన మేస్త్రీ మాత్రం ఎర్రజుట్టువాడు. ఇక స్కాలినకు అంతకన్నా ఏం కావాలి? బేకరీలో రొట్టెలకోసం నిలబడ్డవాళ్ళు వెందులా రాగానే వాతావరణం గురించి మాట్లాడటం మొదలుపెట్టేవారు. "పైకప్పు బాగా కుదిరిందామ్మా? కారట్లేదుగా?" అని ఒకావిడ ఎంతో ఆప్యాయంగా అడిగింది.

తప్పు చేయనివాళ్ళకు సిగ్గు ఉండదంటారు గానీ, అది వట్టిమాట. వెందులా పాప తలకు ఎండలో కూడా ఉన్నిటోపీ తొడిగేది. తొడిగినందుకు మళ్ళీ సిగ్గుపడేది. రాదిమ్ భార్యను ఒక్క మాట అనలేదు. అసలు ఏ మాటా అనలేదు. అదే ఆమెకు భరించరానిదైంది. ద్రహొమీరా మాత్రం ఒకే ఒక్కసారి, పాపను చూసి, ముఖం పక్కకు తిప్పుకుని, "మా వైపు ఎవరికీ ఈ జుట్టు లేదు" అంది. పాపను ఎత్తుకోలేదు.

వోరల్ గారు మనవరాలిని చూడటానికి వచ్చి, వెందులా అడ్డుపడేలోగా టోపీ ఊడదీశారు. ఆయన ముఖం వెలిగిపోయింది.

"అబ్బ! ఏం రంగే తల్లీ! మొదలు నుంచి చివరదాకా ఒకే ఛాయ, ఎక్కడా మసి లేదు! మా అమ్మ రంగు. నువ్వు చూడలేదు, నీకు తెలీదు. తొంభై ఏడు!"

"నాన్నా, దయచేసి..."

"మా అమ్మది నాలో దాక్కుంది, నీలో దాక్కుంది. సగం మనది. మరి రెండో సగం?" ఆయన తల పక్కకు వాలింది, కన్ను చిట్లింది. "రెండో సగం వాళ్ళది అయ్యుండాలి. దొరుకుతుంది. వెతికితే దొరుకుతుంది."

వెతకటం మొదలుపెట్టారు. కోడిపెట్ట కులం విచారించినట్టు స్కాలినలో వియ్యాలవారి వంశం విచారించారు. బీరు కొట్లో కూర్చుని ముసలివాళ్ళను, "రాదిమ్ తాతకి గడ్డం ఉండేదా? ఎండలో ఏ రంగు కొట్టేది?" అని అడిగారు. చర్చి గంట కొట్టేవాణ్ణి, రాదిమ్ తండ్రి చేతులమీది వెంట్రుకల గురించి ఆరా తీశారు. ఒక సంతాపసభలో చచ్చిపోయినాయన అన్నగారిని పట్టుకుని మేనమామల కనుబొమల దాకా వెళ్ళారు. మర్నాడే కబురు ద్రహొమీరాకు చేరింది.

"వెందులా, మీ నాన్నగారు పోయిన మా ఆయన గడ్డం గురించి ఊరంతా అడుగుతున్నారట. ఆపమను" అంది. గొంతు వణికింది. కోపమే అనుకుంది వెందులా.

ఆ సాయంత్రమే లిపావ వెళ్ళింది. తండ్రి పెరట్లో ఒక నీలి పెట్టను చంకన పెట్టుకుని రెక్క విప్పి చూస్తున్నారు.

"నా పరువు నువ్వు బళ్ళోనే తీశావు, బస్సులో తీశావు, పెళ్ళిలో తీశావు. మిగిలిన కాస్తా ఉంచు నాన్నా! బాప్తిస్మం విందులో నువ్వు నోరు విప్పావంటే, ఒట్టు, మళ్ళీ ఈ గడప తొక్కను."

ఆయన పెట్టను కింద వదిలారు.

"సరేనమ్మా" అన్నారు. అప్పుడు ఆయన భుజాలు నిజంగానే వాలి కనబడ్డాయి. వెందులాకు తనమీద తనకే అసహ్యం వేసింది గానీ, అన్న మాట వెనక్కి తీసుకోలేదు.

బాప్తిస్మం అయింది. విందు స్కాలిన అగ్నిమాపక దళం వాళ్ళ హాల్లో. బాతు వేపుడు, డంప్లింగులు, పుల్లటి క్యాబేజీ. వియ్యాలవారి చుట్టాలు ఒక పక్క, కోళ్ళ సంఘం వాళ్ళు ఒక పక్క. సంఘం అధ్యక్షుడు చెస్త్‌మీర్ పాపకు గాడ్‌ఫాదర్. వోరల్ గారు మూల కుర్చీలో తల వంచుకుని బాతును మాత్రమే చూస్తూ తిన్నారు. ఎదురుగా కూర్చున్నాయనకు మెడ అసలు లేకపోయినా ఏమీ అనలేదు.

ద్రాక్షసారా రెండోసారి పోశాక రాదిమ్ మేనత్త గొంతు పెంచింది. "ఈ ఎరుపు ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలీక ఊరంతా బుర్రలు బద్దలు కొట్టుకుంటోంది. రంగుల్లో పండితులు జడ్జిగారు ఇక్కడే ఉన్నారుగా! లేచి చెప్పండి అన్నయ్యగారూ, మేమూ వింటాం."

ఎవరో కిసుక్కున నవ్వారు. రాదిమ్ మెడ ఎర్రబడింది. వెందులా పాపను గుండెకు అదుముకుంది. హాలు మొత్తం మూల కుర్చీ వైపు తిరిగింది.

వోరల్ గారు కూతురి వంక చూశారు. తర్వాత, ఏం అనుకున్నారో, ద్రహొమీరా వంక చూశారు. తల పక్కకు వాలింది. కన్ను చిట్లింది. ద్రహొమీరా చెయ్యి గబుక్కున పాపిట మీదికి పోయింది.

ప్రదర్శనల్లో రంగువేసి తెచ్చిన కోడిని పట్టుకోవటంలో ఆయన్ను మించినవాడు లేడు. ఈకను వేలితో వెనక్కి దువ్వి మొదలు చూస్తారు. అలా పట్టుబడ్డ ప్రాణస్నేహితుడి పుంజును కూడా నిర్దాక్షిణ్యంగా బయటికి పంపించేశారు. ఆయనతోపాటు పంజరాల వెంట తిరిగి పెరిగిన వెందులా ఇప్పుడు ఆయన చూపు వెంట వెళ్ళి చూసింది. కిటికీ పక్కన కూర్చున్న అత్తగారి కనురెప్పల వెంట్రుకలు లేత రాగిరంగు. పౌడరు కింద బుగ్గల నిండా చుక్కలు. ఆ వేళ్ళ సందుల్లోంచి, పాపిట వెంబడి, దారం అంత సన్నగా, పాప తలమీద ఉన్న రంగే.

రెండో సగం అక్కడ కూర్చుని ఉంది.

'చెప్పెయ్యి నాన్నా' అనుకుంది వెందులా మనసులో. జన్మలో మొదటిసారి తండ్రి నోరు తెరవాలని కోరుకుంది. ఒక్క మాటతో ఇన్నాళ్ళ అవమానం తీరిపోతుంది. అంతలో అత్తగారి ముఖం కనబడింది. నిటారైన ఆ మనిషి, బల్లమీద పెట్టి పరిశీలిస్తున్న పక్షిలా కదలకుండా బిగుసుకుపోయి ఉంది. అలా కోరుకున్నందుకు వెందులా తల దించుకుంది.

వోరల్ గారు లేచారు. "ఎరుపు మాది" అన్నారు. "మా అమ్మ రంగు. వియ్యాలవారి వైపు దానికి ఏ సంబంధమూ లేదు. ఎరుపు బలమైన రంగు. ఒక్కవైపు ఉంటే చాలు, బయటికి వస్తుంది."

చెస్త్‌మీర్‌కు డంప్లింగు గొంతులో అడ్డం పడింది. "ఒతకరూ! ఏమంటున్నావురా! ఎరుపు దాగుడు రంగు కాదూ? రెండువైపులా ఉండొద్దూ?"

"అక్కర్లేదు."

"మరి బలమైందైతే నీకు రాలేదేం? నీ కూతురికి రాలేదేం?"

వోరల్ గారి చెవులు కందిపోయాయి. "అది... రెండు తరాలు ఆగి దూకుతుంది."

"దూకుతుందా? రంగు దూకటమేమిట్రా? నలభై ఏళ్ళుగా మాకు నువ్వు నేర్పిందేమిటి?"

"అది కోళ్ళలో!" అని అరిచారు వోరల్ గారు. తర్వాత గొంతు తగ్గించి, ప్రాణం పోతున్నట్టు అన్నారు: "కోడి వేరు, మనిషి వేరు."

కోళ్ళ సంఘం మొత్తం నోరు తెరిచింది. ఒకాయన టోపీ తీసేశాడు. మేనత్త మాత్రం, "ఓహో, దూకుతుందన్నమాట" అంది. దూకటం ఆవిడకు చక్కగా అర్థమైంది. అక్కణ్ణుంచి పక్క బల్లకు, పక్క బల్ల నుంచి గుమ్మం దాకా ఆ మాట పాకింది. రాదిమ్ వచ్చి భార్య పక్కన కూర్చుని, పాప టోపీ తనే తీసి జేబులో పెట్టుకున్నాడు. "ముందే అడగాల్సింది మీ నాన్నగారిని. నాకే సిగ్గేసి అడగలేదు" అన్నాడు మెల్లగా.

కాఫీ వేళకు ద్రహొమీరా స్వయంగా కప్పు పట్టుకుని వోరల్ గారి దగ్గరికి వచ్చింది.

"అన్నయ్యగారూ, మా ఆయన గడ్డం గురించి ఇంకేమైనా తెలుసుకోవాలా?"

"అక్కర్లేదు చెల్లెమ్మా. పొరపాటు నాదే. మీ నలుపు మంచి నలుపు."

"ఎన్ని మార్కులు?" అంది ఆవిడ. పెదవి ఒక చివర కదిలింది.

"తొంభై నాలుగు. అది దాటి వెయ్యను."

ఆవిడ వెందులా దగ్గరికి వచ్చి చేతులు చాచింది. పాపను ఎత్తుకుని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళింది. అందరికీ వీపు తిప్పి, ఆ రాగిజుట్టులో ముఖం పెట్టి గుసగుసలాడింది. దగ్గరగా ఉన్న వెందులాకే వినపడింది: "చిన్నప్పుడు నన్నన్నట్టు నిన్నెవరైనా 'తుప్పు' అన్నారో, నాకొచ్చి చెప్పు. వాళ్ళ సంగతి నేను చూస్తాను."

ఇంటికి వెళ్ళేటప్పుడు వెందులా తండ్రిని బస్సుస్టాపు దాకా సాగనంపింది. ఆయన దొంగతనం చేసి దొరికినవాడిలా నడుస్తున్నారు.

"చెస్త్‌మీర్ నాతో ఇంక మాట్లాడడు. కుర్రకుంకలంతా ఉన్నారు అక్కడ, విన్నారు. ఎరుపు దూకుతుందట! ఛీ."

"నాన్నా, నువ్వు చూశావు. నేనూ చూశాను. నిజం చెప్పకుండా ఎందుకు ఆగావు?"

"ఆవిడ ప్రదర్శనకు రాలేదమ్మా. మనవరాలి విందుకు వచ్చింది."

"మరి ఊళ్ళో అందర్నీ వీపు బాగుంది, కాలు బాగాలేదు అని..."

"ఈ లోయలో పుట్టిన ప్రతి పిల్లా నా బస్సులోనే బడికి వెళ్ళింది. అద్దంలో అందరూ కనపడతారు. ఈ ముక్కు ఎవరిది, ఆ చెవి ఎవరిది... కళ్ళు మూసుకోలేను కదా, డ్రైవర్ని. చెప్పకూడనిది అంత కడుపులో పెట్టుకున్నప్పుడు, నోటికి వేరే ఏదో ఒక పని పెడుతూ ఉండాలి. కాళ్ళు అనో, మెడ అనో. లేకపోతే ఎప్పుడో అసలుది జారుతుంది."

వెందులాకు ఒక్కసారిగా ఆ బస్సు గుర్తొచ్చింది. ఆ నవ్వులు, ఆ అరుపులు, ముక్కుదాకా లాక్కున్న స్కార్ఫు. తండ్రి కోటు కాలరు సరిచేసింది. సరిగ్గానే ఉన్న కాలరును మళ్ళీ సరిచేసింది.

ఇప్పుడు అనెష్కా బడికి వెళుతోంది. ఎరుపు సిద్ధాంతం మాత్రం ద్రహొమీరా చేతిలో పడి లోయ దాటింది. పాటల బృందంలో, బేకరీలో, క్షయ గురించిన ఉపన్యాసం మధ్యలో కూడా ఆవిడ దాన్ని వివరిస్తుంది. పోయిన ఆదివారం భోజనానికి ఒలొమౌత్స్ పట్నం నుంచి జీవశాస్త్రం చెప్పే మాస్టారు ఒకాయన వచ్చాడు. పాపను చూసి ముచ్చటపడ్డాడు.

"ఇది మా వియ్యంకుడిగారి వైపు నుంచి దూకిన రంగు. ఎరుపు బలమైంది కదండీ, ఒక్కవైపు ఉంటే చాలు" అంది ద్రహొమీరా బాతు వేపుడు వడ్డిస్తూ.

"క్షమించాలి మేడమ్, అది పూర్తిగా తప్పు. శాస్త్రం ప్రకారం..."

"ఆయన రంగుల జడ్జి. ఇక్కడే ఉన్నారు. మీరే అడగండి."

వోరల్ గారు ఫోర్కు కింద పెట్టారు. మాస్టారి వంక చూశారు. చెవుల చివర్ల నుంచి మెడ దాకా ఎర్రబడిపోయారు. వెందులా బల్ల కింద కాలు చాచి ఆయన పాదం మీద మెత్తగా ఆనించింది.

"దూకుతుందండీ" అన్నారాయన నేలచూపులు చూస్తూ. "నేను కళ్ళారా చూశాను."

ద్రహొమీరా ఆయన పళ్ళెంలో ఇంకో బాతు కాలు వేసింది. ఆ ఇంట్లో బాతు కాలు ఇంకెవరికీ రెండోసారి దొరకదు.